జెనెసిస్: ఆల్బమ్‌కి ఒక్క పాటే, ఆ తర్వాత వరస

#1 · పన్నెండుతీగలు

ఇంగ్లండ్ రాక్ బృందం జెనెసిస్ అంటే ప్రాణం పెట్టేవాళ్లందరికీ ఒక పని. ఒక్కో స్టూడియో ఆల్బమ్ నుంచి ఒకే ఒక్క పాట ఎంచుకోండి. ఎంచుకున్నవాటిని వరసలో పెట్టండి. 1969 నాటి మొదటి ఆల్బమ్ కలపాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను కలపలేదు. అప్పటికి వాళ్ల బాణీ ఇంకా వాళ్లకే దొరకలేదు, పైగా పాటల మీద తీగవాద్యాలు విడిగా అద్దారు.

నేను తూచేది పాట మొత్తాన్ని. అందులో ఒక సోలో బాగుందని పాటని పైకి ఎక్కించను. ఎత్తుగడ నుంచి ముగింపు దాకా ఎక్కడా పట్టు సడలకూడదు.

1. సప్పర్స్ రెడీ – ఫాక్స్‌ట్రాట్, 1972
2. ద సినిమా షో – సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్, 1973
3. ద మ్యూజికల్ బాక్స్ – నర్సరీ క్రైమ్, 1971
4. రిపుల్స్ – ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్, 1976
5. వన్ ఫర్ ద వైన్ – విండ్ అండ్ వదరింగ్, 1976
6. ఇన్ ద కేజ్ – ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే, 1974
7. డచెస్ – డ్యూక్, 1980
8. ద నైఫ్ – ట్రెస్‌పాస్, 1970
9. ఫేడింగ్ లైట్స్ – వి కాంట్ డాన్స్, 1991
10. హోమ్ బై ద సీ – జెనెసిస్, 1983

దీని కింద మిగిలిన ఆల్బమ్‌ల నుంచి బర్నింగ్ రోప్, డొమినో, డోడో, చివర్న 1997 ఆల్బమ్ నుంచి ద డివైడింగ్ లైన్. ఈ నాలుగింటి వరస మీద నాకు పెద్ద పట్టింపు లేదు. పైన ఉన్నవాటి గురించి మాత్రం ఎంత దూరమైనా వాదిస్తాను.

#2 · బాస్‌పెడల్

రెండో స్థానం దగ్గరే ఆగిపోయానండీ. సెల్లింగ్ ఇంగ్లండ్ నుంచి ఒక్క పాటే తీసుకోవాలంటే అది ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్ కాకుండా ఇంకేమవుతుంది?

టోనీ బ్యాంక్స్ పియానోతో మొదలవుతుంది. 13/16, 15/16 అంటూ తాళం కొలతలు మారుతూ పోతున్నా వినేవాళ్లకి లెక్క తెలియదు, నీళ్లు పారుతున్నట్టే ఉంటుంది. పాడే భాగం అయ్యాక గాయకుడు పీటర్ గేబ్రియల్ ఫ్లూట్ మీద ఒక చిన్న వరస వాయిస్తాడు. పక్కన పియానో తప్ప ఏమీ ఉండదు. తర్వాత మొదటి పియానో స్వరాలే ఈసారి సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) మీద, డ్రమ్స్‌తో కలిసి ఉరుకుతూ వస్తాయి. అవి ఆగిన చోట గిటార్ మీద స్టీవ్ హ్యాకెట్ అందుకుంటాడు. కొత్త వరసేమీ కాదు, ఇందాకటి ఫ్లూట్ వరసే. కానీ కింద మెలొట్రాన్ (టేపులతో పలికే కీబోర్డు) పరుచుకుని, బాస్ మోగుతుంటే, పైస్థాయిలో ఒక్క స్వరాన్ని పట్టుకుని ఎంతకీ వదలడు. ఊపిరి బిగబట్టి వింటాం. రెండు నిమిషాలకి పైగా సాగే ఆ సోలోలో వేగం చూపించాలన్న తాపత్రయం ఒక్క చోట కూడా ఉండదు.

ఆ సోలో అంటే నేను చెవి కోసుకుంటాను. అయినా దాని కోసమే ఎక్కించడం లేదు. ఫ్లూట్‌లో విత్తు వేసి గిటార్‌లో చెట్టు చేశారే, అది పాట మొత్తం కట్టుబడి కాదా? మీ నియమం ప్రకారమే ఇది నెగ్గుతుంది.

నా మొదటి మూడు: ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్, సప్పర్స్ రెడీ, ద మ్యూజికల్ బాక్స్. ట్రెస్‌పాస్ నుంచి ద నైఫ్‌కి, 1976 చివర్న వచ్చిన ఆల్బమ్ నుంచి వన్ ఫర్ ద వైన్‌కి నా ఓటు కూడా కలపండి.

#3 · మిశ్రచాపు

నేను తాళం పట్టుకుని వినే మనిషిని కాబట్టి నా ఓటు సినిమా షోకే.

మొదటి సగం పన్నెండు తీగల గిటార్ల మీద మెత్తగా నడిచే పాట. అందులో రోమియో, జూలియెట్, గ్రీకు పురాణాల టైరీషియస్. ఎలియట్ కవిత 'వేస్ట్ ల్యాండ్' నీడ ఆ మాటల మీద ఉంది. పాడటం ముగిశాక లయ 7/8లోకి మారుతుంది. 'తకధిమి తకిట' అని వేసుకుంటూ వినండి, చక్కగా కూర్చుంటుంది. అక్కడి నుంచి కీబోర్డుల మీద బ్యాంక్స్, గిటార్ మీద మైక్ రూథర్‌ఫర్డ్, డ్రమ్స్ మీద ఫిల్ కాలిన్స్ ముగ్గురే నడిపిస్తారు. రూథర్‌ఫర్డ్ తీగల మీద ఏడు తిరుగుతూనే ఉంటుంది, దాని మీద సింథ్ ఒక మెట్టు ఎక్కి, నిలిచి, ఇంకో మెట్టు ఎక్కుతుంది. అయిదేళ్ల తర్వాత బృందంలో మిగిలింది సరిగ్గా ఆ ముగ్గురే అని తెలిసి వింటే ఆ భాగం మరోలా వినిపిస్తుంది.

ఇక సప్పర్స్ రెడీలో ఆరో భాగం. కింద బాస్, డ్రమ్స్ 'తకిట తక తకధిమి' అని తొమ్మిది వాయిస్తుంటే బ్యాంక్స్ ఆ లెక్కకి తలవంచకుండా తన దారిన తను పోతాడు. సమం ఎక్కడ పడుతుందోనని వెతుక్కుంటూ ఉంటాం. ఆ బిగువు తట్టుకోలేమనిపించే క్షణంలో గేబ్రియల్ గొంతు పగిలేలా బైబిల్‌లోని మృగం సంఖ్య '666' అంటూ వస్తాడు. రాక్‌లో ఇంతకంటే గొప్ప రాక నేను వినలేదు.

మొదటి స్థానం సప్పర్స్ రెడీ, రెండు సినిమా షో. మొదటి మూడింటిలో పన్నెండుతీగలు గారి వరసే నాది కూడా. నాలుగో స్థానంలో మాత్రం రిపుల్స్‌కి బదులు డాన్స్ ఆన్ ఎ వల్కేనో పెడతాను. అదీ ఏడే, కానీ సినిమా షోలో ఏడు తేలిపోతుంది, ఇందులో తన్నుతుంది.

#4 · రెండోవైపు

అందరూ సప్పర్స్ రెడీని ఒక్క పాటగా లెక్కేస్తున్నారు. దాదాపు 23 నిమిషాలు, ఏడు భాగాలు, ఒక్కో భాగానికి విడి పేరు. విల్లో ఫామ్ అయితే గేబ్రియల్ దగ్గర ముందే ఉన్న పాట, తెచ్చి మధ్యలో నిలబెట్టారు. అది ఒక్క పాట అయినప్పుడు డ్యూక్ సంగతేమిటి?

బిహైండ్ ద లైన్స్, డచెస్, గైడ్ వోకల్, టర్న్ ఇట్ ఆన్ అగైన్, డ్యూక్స్ ట్రావెల్స్, డ్యూక్స్ ఎండ్. ఈ ఆరింటినీ మొదట అరగంట పాటు సాగే ఒక్క రచనగా తలపోశారు. ఫాక్స్‌ట్రాట్ తర్వాత మళ్లీ అలాంటిది చేస్తే పోలికలు తప్పవని విడగొట్టి ఆల్బమ్ అంతటా సర్దారు. డ్యూక్స్ ట్రావెల్స్ చివర్లో గైడ్ వోకల్ మాటలు ఉరుములాంటి డ్రమ్స్ మీద తిరిగొస్తాయి చూడండి, అప్పుడు తెలుస్తుంది ఇదంతా ఒకే శరీరమని. 1972లో కలిపి ఉంచినందుకు మొదటి స్థానం, 1980లో విడగొట్టినందుకు డచెస్ ఒక్కదానికే ఏడో స్థానం. ఇదేం న్యాయం?

నా లెక్కలో ఆ ఆరూ కలిపి ఒక్క పాట, దానికి మూడో స్థానం.

సెల్లింగ్ ఇంగ్లండ్ నుంచి నా ఓటు మీరెవరూ తలవని డాన్సింగ్ విత్ ద మూన్‌లిట్ నైట్‌కి. వాయిద్యమేదీ లేకుండా గేబ్రియల్ గొంతు ఒక్కటే ఎత్తుకుంటుంది. ఎనిమిది నిమిషాల్లో జానపదం లాంటి వరస నుంచి హ్యాకెట్ వేళ్లు తీగల మీద తట్టే వేగం దాకా వెళ్లి, చివరికి పన్నెండు తీగల గలగలలో కరిగిపోతుంది.

#5 · పన్నెండుతీగలు

రెండోవైపు గారూ, బలమైన మాటే అన్నారు. కానీ నేను ఒప్పుకోను.

సప్పర్స్ రెడీ ఒక్క పాట కావడానికి కారణం నిడివి కాదు, రెండో భాగంలో వినిపించిన వరస ఏడో భాగంలో తిరిగి రావడం. మొదటిసారి అది ఒక కపట ప్రవక్త పాట. ఆఖరికి అదే వరస కొత్త యెరూషలేమ్ పాట అవుతుంది. స్వరాలు అవే, అర్థం తలకిందులు. మధ్యలో విల్లో ఫామ్ చిందరవందర, ఆరో భాగం 9/8 ఉద్ధృతి దాటి వచ్చాం కాబట్టే ఆ తిరిగిరావడానికి అంత బలం. మధ్యలో లేచి వెళ్లిపోతే ఆ ముగింపు దక్కదు.

డ్యూక్‌లో అలా కాదు. మధ్యలో మ్యాన్ ఆఫ్ అవర్ టైమ్స్, మిస్‌అండర్‌స్టాండింగ్ లాంటి సంబంధం లేని పాటలు కూర్చున్నాయి. బృందమే విడగొట్టింది. వాళ్లు మన చేతికి ఇచ్చిన రూపాన్నే తూచాలి, ఇవ్వాలనుకున్న రూపాన్ని కాదు. పైగా డచెస్ తన కాళ్ల మీద తను నిలబడే పాట. డ్రమ్ మెషీన్ చిన్నగా టకటకలాడుతూ మొదలై, ఎంతో సేపటికి గాని గొంతు రాదు. ఒక గాయని ఎదగడం, జనం చప్పట్లు, ఆ చప్పట్లు ఆగిపోవడం, అంతా కొన్ని మాటల్లోనే. జెనెసిస్ డ్రమ్ మెషీన్ వాడిన మొదటి పాట అదే, అయినా అందులో యాంత్రికత లేదు.

#6 · తెల్లకొండ

ట్రెస్‌పాస్‌ని ఎనిమిదో స్థానానికి తోసేశారు, అదీ ద నైఫ్‌తో. ద నైఫ్ మంచి పాటే, వేదిక మీద జనాన్ని ఊపేసేది. కానీ ఆ ఆల్బమ్ ఆత్మ స్టాగ్నేషన్‌లో ఉంది.

అప్పటికి హ్యాకెట్ లేడు, కాలిన్స్ లేడు. గిటార్ ఆంథొనీ ఫిలిప్స్‌ది, ఆల్బమ్ పూర్తయ్యాక అతనూ వెళ్లిపోయాడు. ఫిలిప్స్, రూథర్‌ఫర్డ్ ఇద్దరూ పన్నెండు తీగల గిటార్లు ఒకదాని పక్కన ఒకటి వాయిస్తుంటే ఏది ఎవరిదో విడదీయలేం. ఒకటి కిందిస్థాయిలో స్వరాలు విరుస్తుంటే రెండోది పైన అవే స్వరాలకి ఇంకో రంగు వేస్తుంది. మీరంతా ఇంతసేపూ మెచ్చుకుంటున్న సినిమా షో మొదటి సగం ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? మ్యూజికల్ బాక్స్ తొలి గిటార్ వరసల మూలం కూడా ఫిలిప్స్ ఉన్న రోజులదే.

నా వరసలో స్టాగ్నేషన్ మొదటిది. తర్వాత మ్యూజికల్ బాక్స్. ఫాక్స్‌ట్రాట్ నుంచి కాన్-యుటిలిటీ అండ్ ద కోస్ట్‌లైనర్స్. సప్పర్స్ రెడీ నాకు ఇష్టమే, కానీ దాని నీడలో ఆరు నిమిషాల లోపే సముద్రాన్ని లేపి చూపించిన పాట ఎవరికీ కనపడకుండా పోతోంది. సెల్లింగ్ ఇంగ్లండ్ నుంచి ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్, ట్రిక్ ఆఫ్ ద టెయిల్ నుంచి ఎంటాంగిల్డ్, దాని తర్వాతి ఆల్బమ్ నుంచి బ్లడ్ ఆన్ ద రూఫ్‌టాప్స్.

#7 · కొత్తశ్రోత

నమస్కారం. నేను 1986 ఆల్బమ్ నుంచి వచ్చినవాణ్ణి. ఇన్విజిబుల్ టచ్ అమెరికాలో మొదటి స్థానానికి చేరిన పాటని తెలుసు, అందరికీ తెలిసిన నాలుగైదు పాటలు తెలుసు, అంతే. ఆ ఆల్బమ్‌లో నన్ను పట్టేసింది డొమినో. రెండు భాగాలు, పది నిమిషాలకి పైగా. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని వెతుకుతూ ఇక్కడికి వచ్చాను. గేబ్రియల్ కాలంలోకి ఏ తలుపు నుంచి వెళ్లమంటారు?

#8 · బాస్‌పెడల్

డొమినో నచ్చిందంటే సగం దూరం వచ్చేశారు. సప్పర్స్ రెడీతో మొదలుపెట్టకండి. ముందు ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్ మొత్తం వినండి. గేబ్రియల్ 1975లో వెళ్లిపోయాక కాలిన్స్ ముందుకొచ్చి పాడిన మొదటి ఆల్బమ్. మీకు అలవాటైన గొంతే, కట్టుబడి మాత్రం పాత జెనెసిస్‌ది. అక్కడి నుంచి వెనక్కి సెల్లింగ్ ఇంగ్లండ్‌కి, ఆపైన నర్సరీ క్రైమ్‌కి.

#9 · రెండోవైపు

లాంబ్ గురించి ఎవరూ నోరు విప్పడం లేదేం? రెండు రికార్డుల ఆల్బమ్, న్యూయార్క్ కుర్రాడు రాయెల్ కథ. మాటలు దాదాపు అన్నీ గేబ్రియల్ ఒక్కడే రాశాడు, సంగీతం చాలావరకు మిగతావాళ్లు కట్టారు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగినట్టు తయారైన ఆ ఆల్బమ్ ఇంత గట్టిగా నిలబడటమే అబ్బురం.

ఇన్ ద కేజ్ ఎంచుకున్నవారి వాదన నాకు తెలుసు. గుండె కొట్టుకుంటున్నట్టు బాస్, దాని మీద గొంతు మెల్లగా మొదలై పంజరం బిగుసుకుంటున్నకొద్దీ పరుగందుకోవడం. కానీ ఆ పాటకి ఉన్న పేరులో సగం తర్వాతి కచేరీలు తెచ్చిపెట్టింది. దాంతో మొదలుపెట్టి పాత పాటల వాయిద్య భాగాలు గుదిగుచ్చి ఆఫ్టర్‌గ్లోతో ముగించేవారు.

నా ఓటు ద కార్పెట్ క్రాలర్స్‌కి. ఒకే పల్లవి తిరిగి తిరిగి వస్తుంది, ప్రతిసారీ కింద ఇంకో పొర చేరుతుంది. మొదట గేబ్రియల్ కిందిస్థాయిలో దాదాపు గొణుగుతాడు, తర్వాత అదే వరస పైస్థాయికి ఎక్కించి, కాలిన్స్ తోడు గొంతు కలుపుతాడు. 2022 మార్చిలో లండన్‌లో జరిగిన ఆఖరి కచేరీని వాళ్లు ముగించింది ఈ పాటతోనే. అప్పటికి కాలిన్స్ కుర్చీలో కూర్చునే పాడుతున్నాడు, డ్రమ్స్ మీద అతని కొడుకు. గేబ్రియల్ ప్రేక్షకుల్లో ఉన్నాడు. ఆ పాట ఆ బరువు మోయగలిగిందంటే అది పాట గొప్పతనమే.

#10 · మిశ్రచాపు

కార్పెట్ క్రాలర్స్ విషయంలో రెండోవైపు గారితో ఉన్నాను.

పాటా, ఘట్టమా అన్న వాదనకి ఇంకో ముడి వేస్తాను. లాస్ ఎండోస్. ట్రిక్ ఆఫ్ ద టెయిల్ ముగింపు. పాడే పాట కాదు, కాలిన్స్ డ్రమ్స్ విశ్వరూపం. అందులో డాన్స్ ఆన్ ఎ వల్కేనో స్వరాలు వస్తాయి, స్క్వాంక్ తిరిగొస్తుంది. ఆఖర్న ధ్వని తగ్గిపోతుండగా కాలిన్స్ సప్పర్స్ రెడీ చివరి భాగం నుంచి ఒక పాదం అందుకుంటాడు. వెళ్లిపోయిన గాయకుడికి చేతులెత్తి పెట్టిన నమస్కారంలా ఉంటుంది అది.

దాన్ని విడిగా తీసి తూచితే సగం బలం పోతుంది. ముందున్న పాటలు చెవిలో ఉండాలి, నాలుగేళ్ల కిందటి ఆల్బమ్ కూడా చెవిలో ఉండాలి. అందుకే ఇష్టమైనా దానికి ఓటెయ్యలేదు, డాన్స్ ఆన్ ఎ వల్కేనోకి వేశాను. విండ్ అండ్ వదరింగ్‌లో ఆఫ్టర్‌గ్లో కూడా అంతే. ముందరి రెండు వాయిద్య భాగాలు లేకుండా అది సగమే. అక్కడ నా ఓటు బ్లడ్ ఆన్ ద రూఫ్‌టాప్స్‌కి.

#11 · కొత్తశ్రోత

ట్రిక్ ఆఫ్ ద టెయిల్, సెల్లింగ్ ఇంగ్లండ్, నర్సరీ క్రైమ్ విన్నాను. వింటూనే ఉన్నాను.

రిపుల్స్‌కి నా ఓటు. మధ్యలో గిటార్ వెనక్కి పీలుస్తున్నట్టు, పియానో నీటి మీద వలయాల్లా తిరుగుతున్నట్టు ఉండే భాగం ఉంది కదా, అక్కడ పాట ఎక్కడికి పోతోందో అర్థం కాలేదు. తర్వాత పల్లవి తిరిగొచ్చినప్పుడు ఒళ్లు జలదరించింది. మొదట విన్నప్పుడు అందం తరిగిపోవడం గురించిన మాటలు వట్టి మాటలే. ఆ మధ్య భాగం దాటాక అవే మాటలు బరువెక్కాయి.

మ్యూజికల్ బాక్స్ వింటే భయమేసింది. క్రోకే ఆట కర్రతో తల ఎగరగొట్టడం, చనిపోయిన పిల్లవాడు పెట్టెలోంచి వచ్చి క్షణాల్లో ముసలివాడైపోవడం, ఆఖర్న 'నౌ' అని అదేపనిగా అరవడం. ఇంత భయంకరమైన కథని ఇంత సుకుమారమైన గిటార్లతో మొదలుపెట్టడం వాళ్లకే చెల్లింది. సెల్లింగ్ ఇంగ్లండ్ నుంచి ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్. బాస్‌పెడల్ గారు రాసింది చదివాక ఫ్లూట్ వరస కోసం కాచుకుని విన్నాను. గిటార్ దాన్ని అందుకున్న చోట పాట ఆపి, ఫ్లూట్ దగ్గరికి వెనక్కి వెళ్లి మళ్లీ విన్నాను.

#12 · పన్నెండుతీగలు

ఇప్పటిదాకా వచ్చిన ఓట్లు లెక్కపెట్టాను. నర్సరీ క్రైమ్ దగ్గర మ్యూజికల్ బాక్స్‌ని కాదన్నవారు ఒక్కరూ లేరు. ఫాక్స్‌ట్రాట్‌లో తెల్లకొండ గారొక్కరే వేరు. సెల్లింగ్ ఇంగ్లండ్‌లో ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్‌కి మూడు, సినిమా షోకి రెండు, మూన్‌లిట్ నైట్‌కి ఒకటి. ఓట్లలో ఓడినా నా వరసలో సినిమా షో రెండో స్థానం నుంచి కదలదు. ట్రిక్ ఆఫ్ ద టెయిల్‌లో రిపుల్స్ ముందుంది. ఎనభైల ఆల్బమ్‌ల మీద ఇంకా ఎక్కువమంది రాయాలి. 1983 ఆల్బమ్‌లోని మామా గురించి ఒక్కరైనా గట్టిగా మాట్లాడతారని చూస్తున్నాను, అందులో కాలిన్స్ నవ్వే ఆ నవ్వు గురించైనా.

విండ్ అండ్ వదరింగ్ మాత్రం చిక్కుపడింది. వన్ ఫర్ ద వైన్‌కి నాది, బాస్‌పెడల్ గారిది. బ్లడ్ ఆన్ ద రూఫ్‌టాప్స్‌కి తెల్లకొండ, మిశ్రచాపు గార్లవి. కొత్తశ్రోత గారు ఇంకా వినలేదు.

నా వాదన చెప్పేస్తాను. ఒక మనిషి తన నాయకుణ్ణి నమ్మలేక గుంపు వదిలి కొండెక్కుతాడు. జారిపడి ఇంకో చోట తేలతాడు. అక్కడి జనం అతన్నే దేవుడు పంపినవాడనుకుంటారు. వద్దు వద్దంటూనే వాళ్లకి నాయకుడవుతాడు. చివరికి తన గుంపులోంచి ఒకడు నమ్మకం పోయి కొండ వైపు నడిచి వెళ్లడం చూస్తాడు. కథ మొదలైన చోటికే వస్తుంది, బ్యాంక్స్ కట్టిన వరస కూడా వస్తుంది. పది నిమిషాల్లో మాట, స్వరం ఇంతలా పెనవేసుకున్న పాట ఆ ఆల్బమ్‌లో మరొకటి లేదు.

రెండోవైపు గారూ, మీ ఓటు?

#13 · రెండోవైపు

బ్లడ్ ఆన్ ద రూఫ్‌టాప్స్.

వన్ ఫర్ ద వైన్ కథ గొప్పదే. కానీ మధ్యలో వాయిద్యాలు పరుగెత్తే భాగం కథలోంచి పుట్టినట్టు నాకు వినపడదు, ఎక్కడి నుంచో తెచ్చి అతికినట్టు ఉంటుంది. మొత్తాన్నే తూచాలన్నది మీరే కదా.

హ్యాకెట్ నైలాన్ తీగల గిటార్‌తో ఒంటరిగా మొదలుపెడతాడు. తొందరేమీ ఉండదు, ఒక వరస వాయించి ఆగుతాడు, ఇంకోటి వెతుక్కుంటాడు. తర్వాత కాలిన్స్ గొంతు వస్తుంది, టీవీ ముందు కూర్చుని వార్తలు చూడకుండా తప్పించుకునే ఇంటి మాటలు. చరణాల మాటలు, సంగీతం హ్యాకెట్‌వి, పల్లవి బాణీ కాలిన్స్‌ది. గిటార్ ఒక్కటే ఉన్న గదిలోకి పల్లవి దగ్గర డ్రమ్స్, మెలొట్రాన్ ఒక్కసారిగా తలుపు తోసుకుని వస్తాయి. ఎవరు ఏ భాగం రాశారో తెలిసినా అతుకు కనపడదు. అయిదున్నర నిమిషాల లోపే. హ్యాకెట్ మరుసటి ఏడాది వెళ్లిపోయాడన్నది నేను లెక్కలోకి తీసుకోలేదు, పాటని బట్టే వేశాను.

మామా గురించి రాత్రికి రాస్తాను. ఆ ఆల్బమ్‌లో నా ఓటు దానికే, హోమ్ బై ద సీకి కాదు. ఇక డ్యూక్ ఆరు పాటల్నీ ఒక్కటిగా లెక్కేసేవాళ్లు ఇంకెవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి.